హాజరు పట్టీకి చిక్కని చరిత్రకారుడు

మాడ్రిడ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర, సాహిత్య విభాగం గోడ మీద 1947లో ఒక నినాదం తేలింది. స్వేచ్ఛా విశ్వవిద్యాలయం వర్ధిల్లాలని. రాసింది సున్నంతో కాదు, బొగ్గుతో కాదు, సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో. రాసేటప్పుడు అది నీళ్లలాగే ఉంటుంది. చీకట్లో ఎవరైనా అటుగా వచ్చి గోడను తేరిపార చూసినా ఏమీ కనపడదు. తెల్లారి ఎండ పడేకొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే నల్లబడి పైకొస్తాయి. మన దగ్గర ఓటు వేసినవాళ్ల వేలికి పూసే సిరాలో ఉండేదీ అదే పదార్థం. గోడ మీది ఆ రాత కడిగితే పోదు, తోమితే పోదు. పోవాలంటే రాతినే చెక్కాలి.

నియంత ఫ్రాంకో అంతర్యుద్ధం గెలిచి అప్పటికి ఎనిమిదేళ్లు. స్పెయిన్‌లో వేరే పార్టీ లేదు, సమ్మె చేస్తే నేరం, చదువుకునే ప్రతి కుర్రాడూ సర్కారువారి విద్యార్థి సంఘంలో ఉండి తీరాలి. అంతకుముందు అక్కడ ఎఫ్.యు.ఇ. అనే సంఘం ఉండేది. 1920ల చివర ప్రిమో దె రివేరా నియంతృత్వాన్ని ఎదిరించి పుట్టిన సంఘం. ఫ్రాంకో దాన్ని నిషేధించాడు. హిట్లర్, ముస్సోలినీ కూలిపోయారు కాబట్టి తర్వాతి వంతు ఫ్రాంకోదేనని నమ్మిన కొందరు విద్యార్థులు దాన్ని చాటుమాటుగా మళ్లీ నిలబెట్టారు. కరపత్రాలు, గోడరాతలు, రహస్య సమావేశాలు. తుపాకీ పట్టినవాడు వాళ్లలో లేడు. వాళ్లలో ఒకడు నికొలాస్ సాంచెజ్ అల్బోర్నోజ్. వయసు 21.

ఆ ఇంటిపేరు వింటేనే పోలీసులకు ఒళ్లు మండేది. తండ్రి క్లాదియో సాంచెజ్ అల్బోర్నోజ్ మధ్యయుగాల స్పెయిన్ చరిత్రకు పెద్ద దిక్కు. ఫ్రాంకో ఓడించిన రిపబ్లిక్ ప్రభుత్వంలో 1933లో విదేశాంగ మంత్రి. యుద్ధం మొదలయ్యేనాటికి లిస్బన్‌లో రాయబారి. రిపబ్లిక్ ఓడిపోయింది, ఆయన ఫ్రాన్స్‌లో తలదాచుకున్నాడు. 1940లో జర్మన్లు అక్కడికీ వచ్చారు. ఆయన అట్లాంటిక్ దాటి అర్జెంటీనా వెళ్లిపోయాడు. కొడుకు మాత్రం ఫ్రాంకో మాడ్రిడ్‌లోనే చదువుకోవాల్సి వచ్చింది. తండ్రి పేరు పెట్టుకుని అక్కడ బతకడమంటే శత్రువు ఇంట్లో అద్దెకున్నట్టే.

1947 వసంతంలో పోలీసులు ఎఫ్.యు.ఇ. మీద విరుచుకుపడ్డారు. పట్టుబడినవాళ్లను పువెర్తా దెల్ సోల్ కూడలిలో ఉన్న భద్రతా విభాగం ప్రధాన కార్యాలయానికి తీసుకెళ్లేవారు. మాడ్రిడ్ నడిబొడ్డున ఉన్న చౌకు అది. పైన పెద్ద గడియారం, ముందు ట్రామ్ బళ్లు, బజారుకొచ్చిన జనం. ఆ భవనం నేలమాళిగలోనే ఫ్రాంకో పోలీసుల చిత్రహింసల గదులు ఉండేవి. ఈ కుర్రాళ్ల కేసు విచారించింది మామూలు కోర్టు కాదు, సైనిక న్యాయస్థానం. గోడ మీద రాసినందుకు, కాగితాలు పంచినందుకు, సంఘం పెట్టినందుకు నికొలాస్‌కు ఆరేళ్ల జైలు పడింది.

1948లో అతన్ని క్వెల్గామూరోస్ పంపారు.

మాడ్రిడ్‌కు వాయవ్యంగా, గ్వాదర్రామా కొండల్లో ఉన్న లోయ అది. పైన్ చెట్లు, గ్రానైట్ బండలు. యుద్ధం గెలిచి సరిగ్గా ఏడాదికి, 1940 ఏప్రిల్ 1న, అక్కడొక స్మారకం కట్టాలని ఫ్రాంకో ఉత్తర్వు ఇచ్చాడు. కొండను తొలిచి 260 మీటర్లకు పైగా పొడవైన చర్చి, దాని నెత్తిన 150 మీటర్ల శిలువ, వెనక ఒక మఠం. దానికి అప్పట్లో అమరుల లోయ అని పేరు పెట్టారు. అమరులంటే మొదట తన వైపు చచ్చినవాళ్లే. ఆ కొండ తొలిచిన చేతుల్లో చాలా వరకు ఓడిపోయిన పక్షంవాళ్లవి. రాజకీయ ఖైదీ పనిచేసిన ప్రతి రోజుకీ శిక్షలో కొన్ని రోజులు తగ్గుతాయని సర్కారు ఒక పథకం పెట్టింది. దాన్ని క్షమాభిక్షలాగా ప్రచారం చేసుకుంది. కంపెనీలు కట్టే కూలిలో ఎక్కువ భాగం ఖజానాకు పోయేది, మనిషి చేతిలో చిల్లర పడేది. గ్రానైట్ తొలిచినవాళ్ల ఊపిరితిత్తుల్లో రాతి పొడి దిగింది. శిక్షలు అయిపోయి ఇళ్లకు వెళ్లాక ఆ దుమ్ముతోనే దగ్గి దగ్గి పోయినవాళ్లున్నారు.

నికొలాస్‌కు చదువొచ్చు. అందుకని సుత్తి ఇవ్వకుండా శిబిరం ఆఫీసులో కలం ఇచ్చారు. ఎంతమంది ఖైదీలు, ఎంత తిండి, ఎన్ని పనిదినాలు, ఎవరికి ఎంత శిక్ష తగ్గింది, అన్నీ లెక్కలే. మనిషి ఒక రాజ్యానికి ఎలా కనిపిస్తాడో అతను అక్కడ రోజూ చూశాడు. పట్టీలో ఒక వరుస, పక్కన ఒక అంకె. అతని తర్వాతి పుస్తకాలు చదివినప్పుడల్లా నాకు ఆ ఆఫీసు బల్లే గుర్తొస్తుంది. ఎన్నో తరగతి గదుల కన్నా ఆ ఆఫీసే అతన్ని చరిత్రకారుణ్ని చేసిందని నా నమ్మకం.

క్వెల్గామూరోస్ చుట్టూ గోడ లేదు. అవసరం లేదని జైలు అధికారులకు తెలుసు. ఆ రోజుల్లో స్పెయిన్ పౌరుడు ఊరు దాటి ప్రయాణించాలంటే అనుమతి పత్రం కావాలి. దారుల్లో, రైళ్లలో సివిల్ గార్డుల తనిఖీలు. జేబులో డబ్బు లేనివాడు, కాగితం లేనివాడు అడవిలో పడి పారిపోయినా ఏ బస్టాండులోనో, ఏ చుట్టం ఇంటి గుమ్మంలోనో దొరికిపోతాడు. అలా పారిపోయి పట్టుబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. అంటే దేశమంతా ఒకే పెద్ద జైలు. ఈ లోయ అందులో ఒక గది.

కాబట్టి తప్పించుకోవాలంటే కంచె దూకడం కాదు, సరిహద్దు దాటడం ముఖ్యం. దానికి బయటినుంచి మనిషి కావాలి. కారు కావాలి. అన్నిటికన్నా ముందు, పోలీసుకు అనుమానం రాని ముఖాలు కావాలి.

ఆ మనిషి పారిస్‌లో ఉన్నాడు. పేరు పాకో బెనెట్. తర్వాతి కాలంలో స్పెయిన్ గొప్ప నవలాకారుడైన హువాన్ బెనెట్‌కు అన్న. ఈ అన్నదమ్ముల కథ తెలిస్తే నికొలాస్ కథకు బరువు పెరుగుతుంది. వీళ్ల తండ్రిని యుద్ధం మొదట్లో మాడ్రిడ్‌లో కాల్చి చంపారు. చంపింది ఫ్రాంకో మనుషులు కాదు, రిపబ్లిక్ వైపువాళ్లు. ఆ చావును పెట్టుబడిగా పెట్టుకుని ఫ్రాంకో రాజ్యంలో హాయిగా పదవి సంపాదించుకోగల ఇంటి కొడుకు పాకో. అతను అటు వెళ్లలేదు. ఫ్రాంకో జైల్లో ఉన్న మిత్రులను బయటికి తీసుకురావడానికి పథకం వేశాడు. యుద్ధం పంచిన పక్షాలను పిల్లలు అలాగే మోయనక్కర్లేదని ఇంత సూటిగా చూపించినవాళ్లు ఆ తరంలో అరుదు.

కారు దొరికిన తీరు సినిమాకు సరిపడేది. నిజంగానే 1998లో ఫెర్నాందో కొలోమో దీన్ని సినిమా తీశాడు కూడా. అమెరికన్ రచయిత నార్మన్ మెయిలర్ అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. పసిఫిక్ యుద్ధం మీద రాసిన తొలి నవల ఆ 1948లోనే వచ్చి అతన్ని రాత్రికి రాత్రి ప్రసిద్ధుణ్ని చేసింది. అతని దగ్గర కారుంది. అతని చెల్లెలు బార్బరా మెయిలర్‌కు ఒక స్నేహితురాలు, ఆమె పేరూ బార్బరాయే, బార్బరా ప్రాబ్‌స్ట్. ఇద్దరికీ ఇరవై అటూ ఇటూ. స్పెయిన్ రాజకీయాలతో వాళ్లకు ఏ చుట్టరికమూ లేదు. మెయిలర్ కారు ఇచ్చాడు. అమ్మాయిలిద్దరూ పాకోతో కలిసి బయలుదేరారు.

1946 మార్చిలో ఫ్రాన్స్ మూసేసిన స్పెయిన్ సరిహద్దు 1948 ఫిబ్రవరిలోనే మళ్లీ తెరుచుకుంది. విదేశీ పర్యాటకులంటే ఫ్రాంకో సర్కారుకు అప్పుడు మహా మోజు. ప్రపంచం వెలివేసిన దేశానికి డాలర్లు కావాలి, మంచి పేరు కావాలి. కారేసుకుని వచ్చిన ఇద్దరు అమెరికన్ ఆడపిల్లలను ఏ గార్డు ఆపి నిలదీస్తాడు? ఆపినా నవ్వి పంపేస్తాడు. పాకో నమ్ముకున్నది ఆ నవ్వునే.

1948 ఆగస్టు 8, ఆదివారం.

ఆదివారం ఎంచుకోవడంలోనే సగం తెలివి ఉంది. ఆ రోజు పని ఉండదు. ఖైదీల భార్యలు, తల్లులు, పిల్లలు దూరాభారం నుంచి నడిచి లోయలోకి వస్తారు. దారిలో కొత్త ముఖాలు తిరిగినా ఎవరూ పట్టించుకోరు. గార్డులూ కాస్త మందగిస్తారు. హాజరుకీ హాజరుకీ మధ్య దొరికే గంటలే ఆస్తి. సాయంత్రం పేర్లు పిలిచేటప్పుడు ఇద్దరు పలకరు. ఆ క్షణానికి కారు ఎంత దూరంలో ఉంటుందన్నదే లెక్క.

ఆ రెండో మనిషి మనువేల్ లమానా. నికొలాస్ కన్నా నాలుగేళ్లు పెద్ద, ఎఫ్.యు.ఇ. సహచరుడు, అదే కేసులో ఖైదీ. ఇద్దరూ పరుగెత్తలేదు. పరుగెత్తేవాణ్ని ఎవరైనా చూస్తారు. ఆగస్టు ఎండలో షికారుకెళ్లినట్టు నడుచుకుంటూ లోయ దిగారు. ఆ పక్కనే ఎల్ ఎస్కోరియాల్ ఉంది. 16వ శతాబ్దంలో రెండో ఫిలిప్ కట్టించిన పెద్ద రాజప్రాసాదం, మఠం. పర్యాటకులు తప్పనిసరిగా చూసే చోటు. విదేశీ కారు ఆ చుట్టుపక్కల ఆగి ఉంటే అందులో వింతేముంది? ఖైదీలు కారెక్కారు. ఒక్క నిమిషంలో నలుగురైదుగురు కుర్రకారు విహారయాత్రకు వెళ్తున్నట్టు మారిపోయింది దృశ్యం.

ఇక్కడినుంచి కష్టమంతా మొదలవుతుంది. మాడ్రిడ్ నుంచి బార్సిలోనా 600 కిలోమీటర్ల పైచిలుకు. యుద్ధం దున్నేసిన రోడ్లు. ఊరూరా తనిఖీ కేంద్రాలు. ముందు సీట్లో అమెరికన్ అమ్మాయిలు, వెనక సీట్లో హాజరు పట్టీలో ఉండాల్సిన ఇద్దరు మనుషులు. ఎక్కడైనా ఒక గార్డు వెనక్కి వంగి ఒక్క ప్రశ్న అడిగితే చాలు. దొరికితే ఖైదీలకు కొత్త శిక్ష, పాకోకు జైలు. ఆ అమ్మాయిలకు ఏమవుతుందో ఊహించడానికి అప్పట్లో ఎవరికీ ధైర్యం లేదు. అమెరికన్ పాస్‌పోర్టు ఎంతవరకు కాస్తుందో పరీక్షించి చూసినవాళ్లు లేరు. వయసు మీద నింద వేసి దీన్ని దుడుకుతనం అనేవాళ్లుంటారు. నేననను. వాళ్లు పరాయి దేశపు మనుషుల కోసం చేశారు ఆ పని, తెలిసి చేశారు.

బార్సిలోనా చేరారు. అక్కడినుంచి ఫ్రాన్స్‌కు కారు దారి లేదు, ఖైదీలకు పాస్‌పోర్టులు లేవు కాబట్టి. పిరనీస్ పర్వతాలను కాలినడకన దాటాలి. 1939లో ఓడిపోయిన రిపబ్లిక్ సైనికులు, పిల్లల్ని చంకనెత్తుకున్న తల్లులు లక్షల్లో దాటిన కొండలే అవి. తొమ్మిదేళ్ల తర్వాత అవే కొండలు ఎక్కి ఇద్దరు విద్యార్థులు ఫ్రాన్స్‌లో కాలుపెట్టారు.

ఆ ఇద్దరూ అర్జెంటీనా చేరారు. లమానా ఈ తప్పించుకున్న కథనే 1956లో నవలగా రాశాడు. ఫ్రెంచి రచయితలను స్పానిష్‌లోకి తెచ్చాడు, పాఠాలు చెప్పాడు, బ్యూనస్ ఐరిస్‌లోనే ఉండిపోయాడు. నికొలాస్ ఏళ్ల ఎడబాటు తర్వాత తండ్రి గుమ్మం ఎక్కాడు. తండ్రి అప్పటికే అక్కడ స్పెయిన్ చరిత్రకు ఒక పరిశోధన సంస్థనూ, ఒక పత్రికనూ నడుపుతున్నాడు. పరాయి గడ్డ మీద కూర్చుని సొంత దేశపు మధ్యయుగాలను తిరగేస్తున్నాడు. స్పెయిన్ అంటే ఏమిటి, స్పానిష్ మనిషి ఎలా తయారయ్యాడు అనేవి ఆయన ప్రశ్నలు. 1956లో వచ్చిన ఆయన మహా గ్రంథం ఆ వాదానికే అంకితం.

కొడుకు ఆ దారి పట్టలేదు. జాతి ఆత్మ గురించి ఆయన ఎన్నడూ పెద్దగా మాట్లాడినట్టు కనపడదు. గోధుమ ధర గురించి మాట్లాడారు. 19వ శతాబ్దపు స్పెయిన్‌లో తిండిగింజల కరువులు ఎప్పుడొచ్చాయి, ఒక రాష్ట్రంలో గింజలు మురుగుతుంటే ఇంకో రాష్ట్రంలో ధర ఎందుకు ఆకాశానికెక్కింది, 1868లో రాణి ఇసబెల్లాను దించేసిన విప్లవం వెనక 1867 నాటి ఖాళీ గాదెల పాత్ర ఎంత, ఇవి ఆయన తవ్విన విషయాలు. ఆ కరువుల మీద ఆయన పుస్తకం 1963లో అర్జెంటీనాలోని రొసారియోలో వచ్చింది. సముద్రతీరం ఒక ఆర్థిక వ్యవస్థగా, లోపలి పీఠభూమి ఇంకో ఆర్థిక వ్యవస్థగా ఒకే జెండా కింద రెండు దేశాలు బతికాయని 1968 నాటి పుస్తకంలో చూపించారు. శిబిరంలో తిండి లెక్కలు రాసిన చేతికి ధరల పట్టికలు పొడిగా అనిపించవు.

పోరాటాన్నీ వదల్లేదు. 1961లో పారిస్‌లో రువేదో ఇబేరికో అనే ప్రచురణ సంస్థ పుట్టింది. నడిపింది హొసే మార్తీనెజ్, స్థాపకుల్లో నికొలాస్ ఒకరు. ఆంగ్ల చరిత్రకారుడు హ్యూ థామస్ రాసిన స్పెయిన్ అంతర్యుద్ధ చరిత్రను 1962లో స్పానిష్‌లోకి తెచ్చింది వీళ్లే. ఫ్రాంకో సెన్సార్ గడప దాటని పుస్తకాలు సూట్‌కేసుల అడుగున, కోట్ల మడతల్లో దేశంలోకి వెళ్లేవి. తమ యుద్ధం గురించి తమకు అబద్ధం తప్ప ఇంకేమీ చెప్పని దేశంలో ఒక తరం నిజం తెలుసుకున్నది ఆ దొంగచాటు పుస్తకాల వల్లే.

1966 జూన్‌లో అర్జెంటీనాలోనూ సైన్యం గద్దెనెక్కింది. జులై 29 రాత్రి పోలీసులు బ్యూనస్ ఐరిస్ విశ్వవిద్యాలయం మీద పడి ప్రొఫెసర్లనూ విద్యార్థులనూ వరుసగా నిలబెట్టి లాఠీలతో కొట్టారు. వెయ్యికి పైగా అధ్యాపకులు రాజీనామా చేశారు. నికొలాస్ కూడా ఆ దేశం వదిలారు. 40 ఏళ్ల వయసుకే రెండో ప్రవాసం. 1968 నుంచి 1991 దాకా న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పారు.

అక్కడ ఉన్న రోజుల్లోనే ఆయన పేరు నిలిపిన పుస్తకాలు వచ్చాయి. 1973లో లాటిన్ అమెరికా జనాభా చరిత్ర. స్పెయిన్ నౌకలు రాకముందు నుంచి 20వ శతాబ్దం దాకా ఆ ఖండంలో మనుషులు ఎంతమంది, ఎందుకు పోయారు, మళ్లీ ఎలా పెరిగారు అన్న కథ. మెక్సికో నడిమి ప్రాంతంలో 1519కి ముందు రెండున్నర కోట్ల జనం ఉండేవారనీ, 1605 నాటికి పది లక్షల దరిదాపుల్లో మిగిలారనీ కాలిఫోర్నియా పండితులు కుక్, బోరా కట్టిన అంచనాలను ఆయన తేలిగ్గా తీసిపారేయలేదు. ఒక స్పెయిన్ దేశస్థుడు, స్పెయిన్ విజయాల ఫలితాన్ని ఇలా శవాల లెక్కతో ముందు పెట్టడం చిన్న సంగతి కాదు.

నాకు వీటన్నిటికన్నా 1978 నాటి చిన్న పుస్తకం ఇష్టం. ఈనాటి బొలీవియా, ఆనాటి ఎగువ పెరూ గురించినది. అక్కడ పొతోసీ అనే వెండి కొండ ఉంది. 1570లలో వైస్రాయ్ తొలెదో ఒక వెట్టి విధానం పెట్టాడు. 16 జిల్లాల్లో వయసొచ్చిన ఆదివాసీ మగవాళ్లలో ఏడో వంతు ఏటా వంతులవారీగా వచ్చి గనిలో పని చేయాలి. సొంత ఊరిలో పేరుండి, అక్కడే భూమి ఉన్నవాడికి వెట్టి తప్పదు, పన్నూ తప్పదు. దొరల లెక్కల్లో ఏడాదికేడాది ఈ మగవాళ్ల సంఖ్య తగ్గిపోతూ వచ్చింది. చచ్చిపోయారని చరిత్రకారులు అనుకున్నారు. అంటురోగాలు, గని, చావు. అది అబద్ధమేమీ కాదు, చాలామంది చనిపోయారు.

నికొలాస్ 1683లో వైస్రాయ్ పలాతా చేయించిన జనగణన దస్తావేజులు విప్పారు. పలాతా కొత్తగా ఒక పని చేశాడు. ఊరివాళ్లను మాత్రమే కాదు, ఊళ్లో ఉన్న పరాయివాళ్లను కూడా రాయించాడు. తీరా చూస్తే ఎగువ పెరూలో దాదాపు సగం మంది పరాయివాళ్లే! ఎక్కడినుంచో వచ్చి, ఇంకొకరి ఊళ్లో పాలేరుగానో కౌలుదారుగానో బతుకుతున్నవాళ్లు. సొంత ఊరి పట్టీలో పోయినట్టున్నారు, పరాయి ఊళ్లో బతికున్నారు. భూమి వదులుకున్నారు, ఇంటి దేవుణ్ని వదులుకున్నారు, వెట్టిని మాత్రం తప్పించుకున్నారు. రాజ్యం లెక్కపెట్టినవాళ్లను బట్టి జనాభాను కట్టకూడదని, లెక్కకు చిక్కకుండా పోయినవాళ్ల కోసం వెతకాలని ఆ పుస్తకం తర్వాతి పరిశోధకులకు దారి చూపింది. 18వ శతాబ్దంలో పరాయివాళ్ల మీద కూడా పన్ను వేశాక, అదే కొండల్లో అదే మనుషులు రికార్డుల్లో మళ్లీ ప్రత్యక్షమయ్యారు.

తన పారిపోవడానికీ ఆ ఆదివాసీల పారిపోవడానికీ ఆయన ఆ పుస్తకంలో ముడి వేయలేదు. ఆయన పద్ధతి అది కాదు. కానీ ఒక ఆదివారం హాజరుకు పలకని మనిషి కాకపోతే ఆ దస్తావేజుల్లో ఆ ప్రశ్న అడగాలని తోచేదా అని నాకు సందేహం.

ఫ్రాంకో 1975లో చనిపోయాడు. అతన్ని ఆ లోయలోనే, ఆ చర్చిలోనే పాతిపెట్టారు. ప్రవాసంలో రిపబ్లిక్ ప్రభుత్వానికి 1962 నుంచి 1971 దాకా ప్రధానిగా ఉన్న తండ్రి క్లాదియో 1983లో సొంత గడ్డకు తిరిగొచ్చి మరుసటి ఏడు ఆవిలాలో కన్నుమూశాడు. స్పానిష్ భాషనూ సంస్కృతినీ ప్రపంచానికి చేరవేయడానికి 1991లో ప్రభుత్వం సెర్వాంతెస్ సంస్థను నెలకొల్పినప్పుడు తొలి సంచాలకుడిగా పిలిచింది నికొలాస్‌నే. ఐదేళ్లు ఆ పని చేశారు. జైళ్లూ ప్రవాసాల మీద ఆయన ఆత్మకథ 2012లో వచ్చింది. అప్పటికి వయసు 86. అందులో పగ తీర్చుకునే గొంతు లేదు. పేర్లు, తేదీలు, ఎవరేం చేశారన్న వివరాలు చరిత్రకారుడు రాసినట్టే ఉన్నాయి.

2019 అక్టోబరు 24న ఫ్రాంకో శవపేటికను ఆ చర్చిలోంచి తవ్వి తీసి, వేరే శ్మశానానికి తరలించారు. 2022 అక్టోబరులో స్పెయిన్ పార్లమెంటు చట్టం చేసి, ఫ్రాంకో న్యాయస్థానాలు రాజకీయ కారణాలతో వేసిన శిక్షలన్నీ చెల్లవని ప్రకటించింది. గోడరాతకు పడిన ఆ ఆరేళ్ల శిక్ష కూడా అలా రద్దయినవాటిలో ఒకటి. నికొలాస్ వయసు అప్పుడు 96. అదే తీర్పు మోసిన మనువేల్ లమానా 1996లోనే బ్యూనస్ ఐరిస్‌లో పోయాడు. కారులో వచ్చిన బార్బరా ప్రాబ్‌స్ట్ 2019లో పోయింది. క్వెల్గామూరోస్ గ్రానైట్ తొలిచిన వేలమంది తాము నేరస్థులమని రాసి ఉన్న కాగితంతోనే పోయారు.